కడిగిన నీళ్ల రుచి

ఫ్యాక్టరీకి ఆ యంత్రం వచ్చిన కొద్ది రోజులకే, ల్యాబ్‌లో దాన్ని చూసుకునే ఆమెని అందరూ నాలుకమ్మ అనడం మొదలుపెట్టారు. ముందు క్యాంటీన్‌లో చాటుగా అన్నారు, తర్వాత ఎదురుగానే అన్నారు. ఒకసారి పరధ్యానంలో ఆమె "ఆఁ" అని పలికేసరికి ఇంక అదే ఖాయమైపోయింది. ఇంటికెళ్లి చెబితే అత్తగారు కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఇంట్లో నా నాలుక చాలదని ఆఫీసులో ఇంకోటా నీకు?" అంది.

యంత్రం పేరు ఎలక్ట్రానిక్ నాలుక. చూడ్డానికి మాత్రం నాలుకలా ఉండదు. దువ్వెనకి పళ్లున్నట్టు సన్నటి పుల్లలు వరసగా కిందికి వేలాడుతుంటాయి. ఒక్కో పుల్ల కొసకి ఒక్కో రకం పూత. సీసాలో నీళ్లు పోసి ఆ పుల్లల్ని ముంచితే, ఒక్కో పూత ఆ నీళ్లకి ఒక్కోలా చలిస్తుంది. మన నోట్లో ఉప్పూ పులుపూ తీపీ కలిసి ఒక రుచిగా తెలిసినట్టు, ఆ చలనాలన్నీ కలిపి కంప్యూటరు తెరమీద ఒక చుక్క పెడుతుంది. ఒకచోటి నీళ్లయితే చుక్కలన్నీ ఒకచోట గుంపుగా పడతాయి. ఇవి కాక తెర కింది భాగంలో ఒక గీత ఉంటుంది. నీళ్లలో పాల ప్రొటీన్ ఏ కాస్త ఉన్నా ఆ గీత పైకి లేచి ఎర్రబడుతుంది. లేకపోతే పచ్చగా పడుకుని ఉంటుంది. వచ్చిన కొత్తలో నాలుకమ్మ చుక్క పాలని బకెట్టు నీళ్లలో కలిపి, అందులోంచి ఓ గరిటెడు తీసి మళ్లీ బకెట్టు నీళ్లలో కలిపి, చంటిపిల్లకి ముద్దలు అలవాటు చేసినట్టు దానికి ఆ రుచి అలవాటు చేసింది.

దాని అవసరం అక్కడ చాలా ఉంది. ప్రతి షిఫ్టులోనూ ముందు పాల పానీయం తయారవుతుంది, తర్వాత సోయా పానీయం. రెండూ పోయేది ఒకే గొట్టాల్లోంచి. మధ్యలో గొట్టాల్ని వేడినీళ్లతో, కాస్టిక్ సోడాతో, మళ్లీ వేడినీళ్లతో కడుగుతారు. ఆఖర్న బయటికొచ్చే నీళ్లని సీసాలో పట్టి ల్యాబ్‌కి పంపితే, నాలుకమ్మ చూసి సరే అన్నాక సోయా మొదలవుతుంది. సోయా డబ్బా మీద పెద్ద అక్షరాలతో 'పాలు లేవు' అని రాసి ఉంటుంది. పాలు పడని పిల్లలున్న ఇళ్లవాళ్లు ఆ మాట చూసే కొంటారు.

ఆ సోమవారం గీత మళ్లీ ఎర్రబడింది. అప్పటికి అది మూడోసారి. మూడుసార్లూ నిదానం షిఫ్టులోనే. ఎర్రబడినప్పుడల్లా గొట్టాల్ని ఇంకోసారి కడిగి, మళ్లీ సీసా చూడకుండానే సోయా మొదలుపెట్టేవారు.

నిదానం అంటే గొట్టాలు కడిగే ముగ్గురిలో పెద్దాయన. ఎవరు తొందరపెట్టినా "నిదానం, నిదానం" అనడం ఆయనకి అలవాటు. పనీ ఆ మాటకి తగ్గట్టే ఉంటుంది. గొట్టాలు బిగిస్తాడు, బటన్ నొక్కుతాడు, గోడకి వీపు ఆనించి కళ్లు మూసుకుంటాడు. పిలిస్తే ముందు ఒక కన్ను తెరుస్తాడు. ఆ పిలిచినవాణ్ణి బట్టి రెండోది.

మేనేజరు గదిలో మీటింగు పెట్టారు. ల్యాబ్‌కి పెద్దావిడ, అందరూ పెద్ద మేడం అంటారు, ఆవిడ కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి కాగితాల వంక కాకుండా నాలుకమ్మ వంక చూసింది.

"మిగతా ఇద్దరి షిఫ్టుల్లో?"

"ఒక్కసారి కూడా లేదు మేడం. అద్దంలా ఉన్నాయి."

"యంత్రం పొరపాటు కావచ్చా?"

"యంత్రం ఒకటే, గొట్టాలు ఒకటే, నీళ్లు ఒకటే," అంది నాలుకమ్మ. "తేడా మనిషిలోనే ఉండాలి."

అనగానే ఆ మాట తనకే నచ్చింది. మేనేజరు కూడా బల్లమీద వేలితో తట్టి, "అదీ మాటంటే," అన్నాడు.

నిదానాన్ని పిలిపించారు. ఆయన తడిచేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలోనే ఆగాడు. తడిసిన కాలిజోళ్ల నీళ్లు కార్పెట్టు మీద పడతాయని కాబోలు.

"ఏమయ్యా, ఎందుకిలా చేశావ్?" అన్నాడు మేనేజరు.

"నేనేం చేశాను సార్?"

"సరిగ్గా కడగలేదు."

"బటన్ నొక్కాను సార్. రోజూ నొక్కినట్టే నొక్కాను. మిషన్‌కి ఎంతసేపు చెబితే అంతసేపు కడుగుతుంది. అందులో నాదేముంది?"

"నిద్రపోతావట కదా."

"కళ్లు మూసుకుంటాను. నిద్రపోను."

ఎవరో కిసుక్కుమన్నారు. మేనేజరు నవ్వలేదు. "రేపట్నించి గోడౌన్‌కి వెళ్లు. అక్కడ ఎంతసేపు మూసుకున్నా ఎవరికీ నష్టం లేదు," అన్నాడు.

నిదానం తలూపాడు. వెళ్లేముందు నాలుకమ్మ వంక ఒకసారి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. సరుకు తూచే కాటా ముల్లుని మనం ఎలా చూస్తామో అలా చూశాడు.

మర్నాటి నించి ఆయన చోట కొత్తగా ఒకతన్ని పెట్టారు. మిగతా ఇద్దరూ అతనికి ఒక పూటలో పని నేర్పేశారు. ఆ షిఫ్టు సీసా రాగానే నాలుకమ్మ పుల్లలు ముంచి కూర్చుంది. గీత పచ్చగా పడుకునే ఉంది. సాయంత్రమూ పచ్చగానే ఉంది. పెద్ద మేడం వచ్చి తెర చూసి, ఆమె భుజం తట్టి వెళ్లింది.

బుధవారం మధ్యాహ్నం ల్యాబ్ తలుపు దగ్గర ఒకమ్మాయి నిలబడింది. ప్యాకింగ్ హాల్లో వేసుకునే నీలం టోపీ ఇంకా తలమీదే ఉంది. లోపలికి రావచ్చో రాకూడదో తెలియక గుమ్మం పట్టుకుని నిలబడింది.

"నేను నిదానంగారి అమ్మాయిని మేడం."

నాలుకమ్మ చేతిలో సీసా బల్లమీద పెట్టింది. తిట్టడానికొచ్చింది అనుకుంది. ఏం సమాధానం చెప్పాలో గబగబా వెతుక్కుంది కూడా.

"ఇప్పుడు బాగానే ఉంటున్నాయా మేడం? నీళ్లు?"

"బాగానే ఉన్నాయి. ఎందుకు?"

ఆ అమ్మాయి టోపీ తీసి చేతుల్లో నలిపింది. "మా పాపకి పాలు పడవు మేడం. చుక్క పడ్డా మూతి వాచిపోతుంది. అందుకే మనవే, ఆ సోయా డబ్బాలు తీసుకెళ్తాను. మొన్నామధ్య తాగిన కాసేపటికే పెదవులు ఇంతేసి అయిపోయాయి. ఊపిరి ఈల వేస్తున్నట్టు వచ్చింది. ఆస్పత్రిలో ఉంచారు. నేను ఇంకేదో తిని ఉంటుందనుకున్నా. వీధిలో పిల్లలెవరైనా చాక్లెట్ పెట్టారేమో అని వాళ్ల అమ్మలతో పోట్లాట కూడా పెట్టుకున్నా. తీరా చూస్తే మా నాన్నే."

నాలుకమ్మ స్టూలు ఆమె వైపు జరిపింది.

"ఆ పాపంటే ప్రాణం ఆయనకి. భుజమ్మీంచి దింపడు. అలాంటి మనిషి గోడకి ఆనుకుని కునుకు తీశాడంటే..." ఆ అమ్మాయి టోపీతో మొహం తుడుచుకుంది. "మొన్నట్నించీ మాట్లాడ్డం మానేశాను. పాపని కూడా వాళ్లింటికి పంపట్లేదు. 'నీ చేతుల్తోనే నా బిడ్డకి పట్టావు' అన్నాను. అన్నందుకు బాధగానే ఉంది. కానీ అనకుండా ఎలా ఉంటాను మేడం?"

"ఆయనేమన్నారు?"

"ఏమంటాడు? అన్నం ముందు కూర్చుని ఉన్నాడు, చెయ్యి కడుక్కుని లేచిపోయాడు."

ఆ అమ్మాయి యంత్రం వంక చూసింది. పుల్లల కొసల నించి నీళ్లు చుక్కచుక్కగా కారుతున్నాయి.

"మరి ఇప్పుడు పాపకి ఇవ్వచ్చా మేడం? నెలసరుకుతో పాటు ఓ పెట్టె తీసుకుందామనుకుంటున్నా. దానికి అదంటే ఇష్టం. వేరేవి ముట్టదు."

నాలుకమ్మ తెరని ఆమె వైపు తిప్పింది. పచ్చగీత చూపించింది. ఎర్రగా ఉన్న రోజులూ చూపించింది. "చూడు, ఇక్కడి దాకా మీ నాన్నగారు. ఇక్కణ్ణించి కొత్తతను. ఇంక భయం లేదు. ఇవ్వచ్చు."

"థాంక్స్ మేడం," అని ఆ అమ్మాయి తలమీద టోపీ సర్దుకుని వెళ్లింది. వెళ్తూ తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.

ఆ సాయంత్రం ఇంట్లో భోజనాల దగ్గర నాలుకమ్మ ఇదంతా చెప్పింది. తన యంత్రం వల్ల ఒక పిల్ల ప్రాణం నిలబడ్డట్టే కదా అన్న మాట చివర్న ఉంది కానీ పైకి అనలేదు. భర్త "మంచి పనే చేశావ్" అన్నాడు. అత్తగారు మాత్రం కంచంలో వేలు ఆపి, "ఆయన భార్య ఉందా?" అని అడిగింది.

"తెలీదత్తయ్యా. ఎందుకు?"

"ఏం లేదు. కూతురు మాట్లాడక, మనవరాలు రాక, సాయంత్రాలు ఎవరితో కూర్చుంటాడా అని."

నాలుకమ్మకి ఆ ప్రశ్న నచ్చలేదు. నీళ్లు తాగి లేచింది.

గురువారం పొద్దున శుద్ధిచేసిన నీళ్ల డబ్బా ఖాళీ అయింది. ఒక శాంపిల్ చూశాక ఇంకోదానికి వెళ్లేలోపు పుల్లల్ని ఆ నీళ్లలో కడగాలి, లేకపోతే పాత రుచి అంటుకుని ఉంటుంది. కొత్త డబ్బా స్టోర్స్ నించి రావాలంటే సంతకాలు, ఫోన్లు. తర్వాత చూసుకోవచ్చులే అని నాలుకమ్మ గాజుబీకరు పట్టుకుని వరండాలోకి వెళ్లి, అందరూ తాగే కూలరు దగ్గర నీళ్లు పట్టుకొచ్చింది. పుల్లల్ని అందులో ముంచింది. చెయ్యి అలవాటు కొద్దీ బటన్ నొక్కేసింది.

తెరమీద చుక్క పడింది.

ఆమె దాన్ని చెరిపెయ్యబోయి ఆగింది. చుక్క ఎక్కడో దూరంగా పడాలి. తాగే నీళ్లకీ గొట్టాలు కడిగే నీళ్లకీ పోలికే లేదు. కడిగే నీళ్లు వెనక ట్యాంకులోంచి వస్తాయి, వాటిలోంచి గట్టితనం తీసేసి ఉంటుంది, అయినా గొట్టాల్లోంచి వచ్చేటప్పుడు కాస్టిక్ వాసనంత ఏదో పట్టుకొస్తాయి. కానీ ఈ చుక్క వెళ్లి సరిగ్గా మంచి శాంపిళ్ల గుంపు మధ్యలో కూర్చుంది. ఎప్పట్నించో ఆ ఇంట్లో ఉంటున్నదానిలా.

పుల్లలు తుడిచి మళ్లీ ముంచింది. రెండో చుక్క మొదటిదాని మీదే పడింది.

నాలుకమ్మ కుర్చీ వెనక్కి జరుపుకుని కూర్చుంది. ఇన్నాళ్లూ తను చూసింది కింద గీతని మాత్రమే. లేచిందా, పడుకుందా. పైన చుక్కల వంక చూస్తే గుంపుగా ఉన్నాయి, అందంగా ఉన్నాయి అనుకుందే తప్ప, ఇవి ఏ నీళ్లు అని అడగలేదు. ఇప్పుడు ఒక్కొక్కటీ విప్పి చూసింది. మిగతా ఇద్దరి షిఫ్టులూ, రెండ్రోజులుగా కొత్తతనివీ, అన్నీ ఆ గుంపులోనే. దూరంగా, ఓ మూల, విడిగా పడ్డ చుక్కలు కొన్నే ఉన్నాయి. ఎర్రగీత లేచినవీ, లేవనివీ కూడా. అవన్నీ నిదానానివి.

నాలుకమ్మ లేచింది. బీకరు అక్కడే వదిలేసి గోడౌన్‌కి బయల్దేరింది.

గోడౌన్ ఫ్యాక్టరీకి అవతలి చివర. అట్టపెట్టెలు మనిషెత్తుకి రెండింతలు పేర్చి ఉన్నాయి. వాటి మధ్య సందులో నిదానం స్టూలు మీద కూర్చుని పాత పెట్టెల మీంచి టేపు పీకుతున్నాడు. ఆమెని చూసి లేవబోయాడు.

"కూర్చోండి బాబాయ్. ఒక్క మాట అడగాలి. ఆఖరి నీళ్లు సీసాలో ఎక్కడ పట్టేవారు మీరు?"

"ఎక్కడేంటమ్మా? గొట్టం చివర వాల్వు ఉంటుంది కదా, అక్కడే."

"ఎప్పుడూ అక్కడేనా?"

"ఇంకెక్కడ?"

"మిగతావాళ్లు?"

ఆయన టేపు ముద్దని వేళ్లనించి విదిలించుకుంటూ ఆమె వంక వింతగా చూశాడు. "వాళ్లు కూలరు దగ్గర పడతారు. నీకు తెలీదా? నీకు తెలిసే అనుకున్నానే."

నాలుకమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఆ వాల్వు హ్యాండిల్ విరిగి చాలా కాలమైందమ్మా. తిప్పితే సలసల కాగే నీళ్లు చేతి మీద చిమ్ముతాయి. బాగుచెయ్యమని వాళ్లు ఎన్నిసార్లడిగారో. చివరికి ఒకాయనకి మోచేతి దాకా బొబ్బలెక్కాయి. అప్పట్నించీ కూలరు దగ్గరే పట్టేస్తున్నారు. సీసా నిండాలి, అంతేగా."

"మరి మీరు?"

"నేను గుడ్డ చుట్టుకుంటా." ఆయన ముఖంలో కాస్త సిగ్గులాంటిది కదిలింది. "నిజం చెప్పాలంటే, కూలరు దాకా నడవాలంటే బద్ధకం. వాల్వు నేను కూర్చునే గోడ పక్కనే ఉంటుంది."

"మీటింగులో ఈ మాట చెప్పలేదేం బాబాయ్?"

"ఎక్కడ పట్టావని అడిగితే చెప్పేవాణ్ణి. ఎందుకిలా చేశావని అడిగారు. ఏం చేశానో నాకే తెలీకపోతే ఏం చెప్పను?"

ఆయన మళ్లీ టేపు పీకడంలో పడ్డాడు. నాలుకమ్మ అక్కణ్ణించి సరాసరి కడిగే చోటికి వెళ్లింది. అప్పుడే పాల పానీయం ఆగి, గొట్టాలు ఆఖరి నీళ్లకి వచ్చాయి. కొత్తతను ఖాళీ సీసా పట్టుకుని బయటికి నడుస్తున్నాడు. ఆమె చెయ్యి చాపితే ఇచ్చేశాడు. గోడ పక్కన వాల్వు కనిపించింది. హ్యాండిల్ ఉండాల్సిన చోట మొండి ఇనపముక్క. తన తెల్లకోటు అంచు చేతికి చుట్టుకుని దాన్ని తిప్పింది. నీళ్లు ఒక్కసారిగా ఉమ్మినట్టు చిమ్మాయి. బొటనవేలి మొదట్లో చురుక్కుమంది. సీసా మాత్రం వదల్లేదు.

ల్యాబ్‌లో ఆ నీళ్లు చల్లారేదాకా ఆగడం కష్టమైంది. పుల్లలు ముంచింది. చుక్క వెళ్లి నిదానం చుక్కల పక్కన పడింది. కింద గీత ఎర్రగా లేచింది. ఇంతకు ముందు ఎప్పుడూ లేవనంత ఎత్తు లేచింది.

మేనేజరు గదిలో పెద్ద మేడం కూడా ఉంది. నాలుకమ్మ నిలబడే అంతా చెప్పింది. కాలిన వేలిని రెండో చేత్తో పట్టుకుని ఉంది.

"అన్ని షిఫ్టుల్లోనూ పాలు మిగులుతున్నాయి సార్. ఆయనొక్కడే అసలు నీళ్లు పంపాడు. అందుకే ఆయనొక్కడే దొరికాడు. కడిగే టైము ఏమైనా మార్చారా?"

మేనేజరు పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాడు. "ఎండలు మొదలయ్యాక ఆర్డర్లు పెరిగాయి. షిఫ్టుకి ఇంకో బ్యాచ్ పట్టాలంటే ఎక్కడో ఒకచోట తగ్గించాలిగా. ఆఖరి కడుగుడు కొంచెం తగ్గించాం. కొంచెమే."

"పెంచాలి సార్. అంతవరకూ సోయా ఆపాలి. బయటికెళ్లినవి వెనక్కి తెప్పించాలి."

"ఒక్క శాంపిల్‌కా? నువ్వే కదమ్మా సోమవారం నాడు తేడా మనిషిలో ఉందన్నావ్? ఇవాళ నీళ్లలో ఉందంటున్నావ్. రేపేమంటావో."

దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. నాలుకమ్మ పెద్ద మేడం వంక చూసింది. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటోంది. "ఇంకో రెండు షిఫ్టులు వాల్వు దగ్గర పట్టి చూద్దాం," అంది ఆవిడ నెమ్మదిగా. "ఖాయం చేసుకుని రేపు మాట్లాడదాం. తొందరపడి ఒకసారి అన్నాం కదా."

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. సరిగ్గా అలాగే చెయ్యాలని ఆమెకీ ఎవరో చదువుకునే రోజుల్లో నేర్పారు. కానీ ఇవాళ కట్టిన పెట్టెలు సాయంత్రం లారీ ఎక్కుతాయి. ఆ మాట అనబోయింది. అప్పుడు నీలం టోపీ గుర్తొచ్చింది. ఇవ్వచ్చు అని తను తెర తిప్పి చూపించడం గుర్తొచ్చింది.

గదిలోంచి వచ్చేశాక తను పరిగెడుతోందన్న సంగతి వరండాలో ఎవరో పక్కకి తప్పుకున్నప్పుడు గానీ ఆమెకి తెలియలేదు.

ప్యాకింగ్ హాల్లో చెవులు చిల్లులుపడేంత మోత. బెల్టు మీద ముందు షిఫ్టులో తయారైన సోయా డబ్బాలు ఒకదాని వెనక ఒకటి వస్తుంటే, రెండు పక్కలా ఆడవాళ్లు నిలబడి పెట్టెల్లో సర్దుతున్నారు. ఎవరూ తలెత్తరు. తలెత్తితే డబ్బా దాటిపోతుంది. నిదానం కూతురు అవతలి కొసన ఉంది. నాలుకమ్మ ఆమె పక్కకి వెళ్లి చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది.

"పెట్టె తీసుకెళ్లావా? డబ్బాలు?"

"నిన్ననే తీసుకెళ్లా మేడం." చేతులు సర్దుతూనే ఉన్నాయి. "పొద్దున స్కూలు బ్యాగులో ఒకటి పెట్టాను."

"తాగద్దని చెప్పు. ఇప్పుడే చెప్పు."

చేతులు ఆగాయి. ఒక డబ్బా దాటిపోయింది. ఇంకోటి దాటిపోయింది.

"మీరే ఇవ్వచ్చన్నారుగా?"

"తప్పు చెప్పాను. మీ నాన్నది కాదు తప్పు. అందరి షిఫ్టుల్లోనూ ఉన్నాయి. ఆయన నిజం నీళ్లు పంపాడు, మిగతావాళ్లు పంపలేదు. నేను చూసుకోలేదు."

ఆ అమ్మాయికి ఎంత అర్థమైందో తెలీదు. టోపీ కింద నుదురు ముడిపడింది. ఒకసారి నాలుకమ్మ మొహం చూసింది. ఒకసారి బెల్టు చూసింది. వస్తూనే ఉన్నాయి, 'పాలు లేవు', 'పాలు లేవు', 'పాలు లేవు'.

"అయితే ఇవి?" అంది.

"ఇవి కూడా."

బెల్టు పొడుగునా తల ఎత్తున ఒక ఎర్రతాడు ఉంటుంది. ఎవరి చెయ్యైనా ఇరుక్కుంటే లాగడానికి. చెయ్యి ఇరుక్కోకుండా లాగితే ఉద్యోగం ఉండదని పనిలో చేరిన రోజే చెబుతారు. ఆ అమ్మాయి చెయ్యెత్తి తాడు పట్టుకుని ఒంటి బరువంతా వేసి లాగింది.

బెల్టు ఓసారి వణికి ఆగింది. మోత ఆగేసరికి హాలుకి పైకప్పు లేచిపోయినట్టయింది. ఆడవాళ్లు తమ చేతుల్లోని డబ్బాలతో అలాగే నిలబడిపోయారు. ఎవరి చెయ్యి పోయిందో అని కొంతమంది మెడలు సాచి చూశారు. సూపర్‌వైజరు అరుచుకుంటూ వస్తున్నాడు. ఆ అమ్మాయి అతన్ని పట్టించుకోకుండా అప్పటికే ఫోను చెవికి పెట్టుకుంది.

"టీచర్‌గారూ, మా పాప బ్యాగులో డబ్బా... తాగేసిందా? చూడండి. ఒక్కసారి చూసి చెప్పండి. ఆ, ఉంటాను."

సూపర్‌వైజరు కూడా ఆమె పక్కకొచ్చి ఆగాడు. ఫోనులోంచి పిల్లల గోల సన్నగా వినిపిస్తోంది.

"స్ట్రా గుచ్చిందా?" అంది ఆ అమ్మాయి. కళ్లు మూసుకుంది. "తీసేసుకున్నారా? నోరు కడిగించండి. పెదవులు చూడండి. వస్తున్నా, నేనే వస్తున్నా."

మేనేజరు హాల్లోకి అడుగుపెట్టేసరికి మొహం కందగడ్డలా ఉంది. వెనకే పెద్ద మేడం. "ఎవరు లాగారు? ఎవరు లాగమన్నారు?" అని అడిగాడు. నాలుకమ్మ ముందుకి ఒక అడుగు వేసింది. ఆమె నోరు తెరిచేలోపే వెనకనించి పెద్ద మేడం గొంతు వినిపించింది.

"నేనే ఆపమన్నాను."

మేనేజరు వెనక్కి తిరిగాడు. ఆవిడ అతని వంక చూడకుండా, బెల్టు మీంచి ఒక డబ్బా తీసి, అది ఎప్పుడు తయారైందో కళ్లద్దాలు పైకెత్తి చూస్తోంది. "ఖాయం చేసుకునేదాకా ఆగడం మంచిదే," అంది. "కానీ ఆగాల్సింది ఇవి. మనం కాదు."

ఆ సాయంత్రం లారీ ఖాళీగా వెళ్లింది.

తర్వాత రెండు రోజులూ ఫ్యాక్టరీ పెళ్లి తప్పిపోయిన ఇల్లులా ఉంది. పంపిన సరుకంతా వెనక్కి తెప్పించమని కబుర్లు వెళ్లాయి. కడిగే టైము మళ్లీ మునుపటంత చేశారు. వాల్వుకి కొత్త హ్యాండిల్ వచ్చింది, వేడినీళ్లు చిమ్మకుండా పైన ఒక రేకు కూడా వచ్చింది. కూలరు దగ్గర పట్టినవాళ్లని తీసేద్దామని మేనేజరు అన్నాడు. బొబ్బలెక్కిన చెయ్యి చూడకుండా ఆ మాట అనకూడదని పెద్ద మేడం అంది. ఆ సంగతి ఇంకా నడుస్తోంది. నాలుకమ్మ ఇప్పుడు గీత కంటే ముందు చుక్క చూస్తోంది. పాప బాగానే ఉంది. ఒకటే గుటక మింగింది, పెదవి ఓ పక్కన కొద్దిగా ఉబ్బి తగ్గిపోయింది.

నిదానాన్ని మళ్లీ గొట్టాల దగ్గరికి రమ్మన్నారు. శనివారం షిఫ్టు అయ్యాక నాలుకమ్మ ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లింది. ఆయన గోడౌన్ బయట కుళాయి దగ్గర చేతులకి సబ్బు రుద్దుకుంటున్నాడు. మోచేతుల దాకా నురగ.

"బాబాయ్," అంది. రాత్రంతా అనుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "ఆరోజు మీటింగులో నేను అలా అనకుండా ఉండాల్సింది. మీ తప్పు కాదు. మీ అమ్మాయితో కూడా చెప్పాను."

"చెప్పిందమ్మా. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చింది." ఆయన కుళాయి తిప్పి నురగ కడుక్కున్నాడు. నీళ్లు వేళ్ల మధ్యలోంచి పోతుంటే వాటినే చూస్తున్నాడు. "ఒకటి అడుగుతాను, చెబుతావా?"

"అడగండి."

"పాపని ఆస్పత్రిలో పెట్టారు చూడు, ఆ రోజు తాగిన డబ్బా. అది నా షిఫ్టులోదా, వాళ్ల షిఫ్టులోదా? నీ యంత్రం చెప్పగలదా?"

నాలుకమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఎగతాళి కాదు. నిలదీయడమూ కాదు. ఆయనకి నిజంగా ఆ జవాబు కావాలి. తప్పు తనది కాదని ఊరంతా చెప్పినా, ఆ సోయా వచ్చింది తను బిగించిన గొట్టాల్లోంచేమో అన్న అనుమానం ఆయనతో పాటు గోడౌన్‌కి వచ్చింది, ఇప్పుడు మళ్లీ ఆయనతో పాటే వెనక్కి వెళ్తుంది. ఆ డబ్బా ఎప్పుడో చెత్తలో కలిసిపోయింది. కాదు, మీది కాదు అనెయ్యడం ఎంత తేలికో ఆమెకి తెలుసు. ఇవ్వచ్చు అనడం కూడా అంత తేలిగ్గానే అయింది.

"చెప్పలేదు బాబాయ్," అంది. "ఎవరం చెప్పలేం."

ఆయన తలూపాడు. జేబులోంచి రుమాలు తీసి ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకున్నాడు.

"అలా చెప్పావు, బాగుంది," అన్నాడు.

ఇద్దరూ గేటు వైపు నడిచారు. బస్సు వచ్చి ఆగి ఉంది, ప్యాకింగ్ ఆడవాళ్లంతా తోసుకుంటూ ఎక్కుతున్నారు. ఆయన కూతురు మాత్రం ఎక్కకుండా మెట్టు పక్కన నిలబడి ఉంది. డ్రైవరు హారన్ కొడితే, "మా నాన్న వస్తున్నాడు, ఉండవయ్యా," అని గట్టిగా అరిచింది.